రెయిడ్ డిస్కుల ఎంపిక, నిర్వహణ: ఇంటి పత్రాలు, సంఘం రికార్డులు దాచుకునేవారికి కరదీపిక

తరతరాలుగా సొంత రాష్ట్రాల వెలుపల స్థిరపడిన తెలుగు కుటుంబాల ఇళ్లలోని పాత కాగితాలు ఇప్పుడు ఒక్కొక్కటిగా కంప్యూటర్లలోకి చేరుతున్నాయి. హోసూరులో తాతల నాటి భూమి దస్తావేజు కావచ్చు, సోలాపూర్‌లో పద్మశాలీల కుల సంఘం మినిట్స్ పుస్తకం కావచ్చు, బరంపురంలో పాత నాటకాల ఫొటోలు కావచ్చు, రాజపాళయంలో అమ్మమ్మ పాడిన పెళ్లిపాటల క్యాసెట్టు కావచ్చు. స్కాన్ చేశాక మూలం చెదలు తిన్నా, టేపు బూజు పట్టినా మన దగ్గర కాపీ ఉందన్న ధీమా వస్తుంది. కాని అప్పటి నుంచి ఆ కాగితం ప్రాణం ఒక హార్డ్ డిస్కులో ఉంటుంది. ఆ డిస్కు ఏదో ఒక రోజు పోతుంది. పోని డిస్కు లేదు.

మన ఊళ్లలో మన పత్రాలకు మనమే కాపలా. తెలుగు మాధ్యమ బడి పాత హాజరు పట్టీ, సంఘం రిజిస్ట్రేషన్ కాగితం, మాతృభాష తెలుగు అని రాసి ఉన్న టీసీ పోతే మళ్లీ సంపాదించడం ఎంత కష్టమో పాఠకులకు మేము చెప్పనక్కరలేదు. అందుకే ఒక డిస్కు పోయినా సమాచారం పోకుండా చూసే రెయిడ్ పద్ధతిని, దాన్ని ఎంచుకునే తీరును, ఏళ్ల తరబడి కాపాడుకునే పద్ధతిని ఒకే చోట ఇస్తున్నాం.

రెయిడ్ అంటే ఏమిటి

అమెరికాలోని బర్కిలీలో ఉన్న కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన డేవిడ్ ప్యాటర్సన్, గార్త్ గిబ్సన్, ర్యాండీ కాట్జ్ 1988లో ఒక పరిశోధనా పత్రం సమర్పించారు. ఖరీదైన పెద్ద డిస్కు ఒకటి కొనే బదులు చవకైన చిన్న డిస్కులు అనేకం కలిపి వాడవచ్చని, వాటిలో ఒకటి చెడినా సమాచారం నిలిచేలా అదనపు లెక్క రాసి ఉంచవచ్చని అందులో చూపించారు. రెయిడ్ అన్న పేరు ఆ పత్రంతోనే స్థిరపడింది.

ఆ అదనపు లెక్కను ప్యారిటీ అంటారు. చిట్టాపుస్తకం ఎరిగినవారికి ఇది సులభంగా అర్థమవుతుంది. ఒక పేజీలో 7, 5, 9 అని మూడు పద్దులు, కింద మొత్తం 21 రాసి ఉన్నాయనుకుందాం. రెండో పద్దు మీద నీళ్లు పడి చెరిగిపోయినా మొత్తంలోంచి మిగతా రెండూ తీసేస్తే 5 అని తేలిపోతుంది. డిస్కులు చేసేది కూడికకు బదులు ఎక్స్ఓఆర్ అనే లెక్క. సూత్రం మాత్రం ఇదే. రెండు పద్దులు చెరిగితే ఒక్క మొత్తంతో రెండూ తేల్చలేమన్న సంగతి కూడా ఇక్కడే గమనించాలి.

ఏ రకం ఎవరికి

రెయిడ్ 0: సమాచారాన్ని ముక్కలు చేసి అన్ని డిస్కులకూ పంచుతుంది. వేగం పెరుగుతుంది, రక్షణ ఏమీ ఉండదు. ఒక్క డిస్కు పోతే మొత్తం పోతుంది. పత్రాలు దాచడానికి ఇది పనికిరాదు.

రెయిడ్ 1: రెండు డిస్కుల్లోనూ ఒకే సమాచారం ఉంటుంది. 4 టీబీ డిస్కులు రెండు పెడితే వాడుకకు 4 టీబీ వస్తుంది. ఒకటి పోయినా రెండోది పూర్తిగా ఉంటుంది. అర్థం చేసుకోవడం, బాగుచేసుకోవడం రెండూ తేలిక.

రెయిడ్ 5: కనీసం మూడు డిస్కులు కావాలి. ఒక డిస్కు చోటు ప్యారిటీకి పోతుంది. 4 టీబీ డిస్కులు నాలుగుంటే 12 టీబీ వాడుకోవచ్చు. ఒక డిస్కు పోయినా నిలుస్తుంది, రెండు పోతే నిలవదు.

రెయిడ్ 6: కనీసం నాలుగు డిస్కులు కావాలి. రెండు డిస్కుల చోటు రక్షణకు పోతుంది. పై లెక్కలో 8 టీబీ మిగులుతుంది. ఏ రెండు పోయినా నిలుస్తుంది.

రెయిడ్ 10: జంటలు జంటలుగా రెయిడ్ 1 చేసి, ఆ జంటలను కలుపుతారు. నాలుగు 4 టీబీ డిస్కులకు 8 టీబీ. ఒకటి పోయాక రెండోది కూడా పోతే, అది మొదటి దాని జంట కాకుంటేనే బతుకుతాం. వేగం బాగుంటుంది.

మా సూచన సూటిగా చెబుతాం. ఇంటికైతే రెండు డిస్కుల రెయిడ్ 1 చాలు. వీడియోలు కూడా దాచే పెద్ద సంఘానికి, నాలుగైదు డిస్కులు తప్పనిసరి అయితే, రెయిడ్ 6 మంచిది. పెద్ద డిస్కులతో రెయిడ్ 5 పెట్టవద్దని ఎందుకు అంటున్నామో కింద వివరించాం.

చోటు ఎంత కావాలి

కొట్టువాడు చెప్పినంత కొనకుండా ముందు ఇంట్లో లెక్క వేసుకోవాలి. ఒక ఏ4 కాగితాన్ని 300 డీపీఐలో రంగుల్లో, కుదించకుండా స్కాన్ చేస్తే సుమారు 26 ఎంబీ అవుతుంది. పాటల క్యాసెట్టును 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ స్టీరియోలో ఎక్కిస్తే గంటకు సుమారు 1 జీబీ. పాత మినీ డీవీ పెళ్లి టేపు గంటకు దాదాపు 13 జీబీ. ఫోనుతో తీసిన ఫొటో ఒక్కోటి 4 ఎంబీ అనుకుందాం.

ఒక సంఘం దగ్గర 10,000 పేజీలు, 300 గంటల పాటలు, ఉపన్యాసాలు, 50 గంటల వీడియో, 50,000 ఫొటోలు ఉన్నాయనుకుంటే వరుసగా 260, 310, 650, 200 జీబీలు. మొత్తం 1.4 టీబీ. అంటే రెండు 4 టీబీ డిస్కుల రెయిడ్ 1 చాలా ఏళ్లు వస్తుంది. ఎనిమిది డిస్కుల పెట్టె కొనమని ఎవరైనా ఒత్తిడి చేస్తే ఈ లెక్క చూపించండి.

డిస్కు మీద 4 టీబీ అని ఉండి, విండోస్‌లో 3.63 అని కనిపిస్తే మోసం జరిగిందనుకోవద్దు. తయారీదారు 1000 చొప్పున, విండోస్ 1024 చొప్పున లెక్కపెట్టడం వల్ల వచ్చే తేడా అది.

డిస్కులు కొనేటప్పుడు

మొదట చూడాల్సింది రాత పద్ధతి. సీఎంఆర్ డిస్కుల్లో గీతలు పక్కపక్కన ఉంటాయి. ఎస్ఎంఆర్ డిస్కుల్లో పెంకుటింటి కప్పు మీద పెంకుల్లా ఒకదాని మీదికి ఒకటి కొంత ఎక్కి ఉంటాయి. ఒక గీతను మార్చాలంటే పక్కవాటినీ తిరగరాయాలి. ఒకేసారి పెద్ద ఎత్తున రాయాల్సి వస్తే ఎస్ఎంఆర్ డిస్కు బాగా నెమ్మదిస్తుంది. పోయిన డిస్కు స్థానంలో కొత్తది పెట్టి నింపేటప్పుడు జరిగేది సరిగ్గా అదే. నాస్ పెట్టెల కోసమే అమ్ముతున్న రెడ్ శ్రేణిలో 2 నుంచి 6 టీబీ వరకు కొన్ని మోడళ్లు ఎస్ఎంఆర్ అని 2020 ఏప్రిల్‌లో వెస్టర్న్ డిజిటల్ అంగీకరించింది. ఆ తర్వాత సీఎంఆర్ డిస్కులకు రెడ్ ప్లస్ అనే పేరు పెట్టింది. సీగేట్ ఐరన్‌వుల్ఫ్ శ్రేణి సీఎంఆర్. ఏది కొన్నా మోడల్ నంబరు పెట్టి తయారీదారు పట్టికలో సరిచూసుకోండి.

రెండోది, మామూలు డెస్క్‌టాప్ డిస్కుకు, నాస్ డిస్కుకు తేడా. చదవలేని చోటు తగిలితే డెస్క్‌టాప్ డిస్కు నిమిషాల తరబడి మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తూనే ఉండవచ్చు. ఈలోగా ఆ డిస్కు చచ్చిపోయిందనుకుని రెయిడ్ దాన్ని బయటికి నెట్టేస్తుంది. నాస్ డిస్కు సాధారణంగా 7 సెకన్లలో ప్రయత్నం ఆపి తప్పు నివేదిస్తుంది. ఆ ముక్కను రెయిడ్ రెండో డిస్కు నుంచి తెచ్చి సరిచేస్తుంది.

మూడోది, రెండు డిస్కులూ ఒకే రోజు ఒకే పెట్టెలోంచి కొనవద్దు. ఒకే బ్యాచ్‌లో పుట్టిన డిస్కులు ఒకే లోపంతో దగ్గర దగ్గర రోజుల్లో పోయే ప్రమాదం ఉంది. వేర్వేరు కొట్లలో కొనండి. బిల్లు జాగ్రత్త చేయండి, సీరియల్ నంబరుతో వారంటీ ఉందో లేదో తయారీదారు వెబ్‌సైటులో చూడండి. పెట్టగానే స్మార్ట్ వివరాల్లో 9వ వరుసలో, ఎన్ని గంటలు నడిచిందో చూడండి. కొత్త డిస్కులో అది సున్నా దగ్గర ఉండాలి. వేలల్లో ఉంటే అది వాడి పడేసిన సరుకు.

పెట్టె, కార్డు, సాఫ్ట్‌వేర్

రెయిడ్‌ను ప్రత్యేకమైన కార్డు నడపవచ్చు, లేదా సాఫ్ట్‌వేర్ నడపవచ్చు. కార్డు చెడితే చాలాసార్లు అదే రకం కార్డు వెతికి తేవాలి. పదేళ్ల తర్వాత అది దొరక్కపోవచ్చు. ఇంటికీ సంఘానికీ సాఫ్ట్‌వేర్ రెయిడ్ మేలు. లినక్స్‌లోని ఎండీ పద్ధతిలో చేసిన డిస్కులను మరో లినక్స్ కంప్యూటర్‌కు తగిలించి తెరవవచ్చు. సినాలజీ వంటి నాస్ పెట్టెల్లో లోపల నడిచేది కూడా ఇదే. మదర్‌బోర్డు మీద ఉచితంగా వచ్చే రెయిడ్‌కు దూరంగా ఉండటం మంచిది. బోర్డు మారితే చిక్కు.

జెడ్ఎఫ్ఎస్, బీటీఆర్ఎఫ్ఎస్ అనే ఫైల్ వ్యవస్థలకు మరో గుణం ఉంది. రాసిన ప్రతి ముక్కకూ సరిచూసే సంఖ్య ఒకటి దాస్తాయి. మామూలు రెయిడ్ 1లో రెండు డిస్కుల్లో ఒకే చోట వేర్వేరు సమాచారం కనిపిస్తే ఏది సరైనదో దానికి తెలియదు. ఈ రెండింటికీ తెలుస్తుంది. ఏళ్ల తరబడి తెరవని స్కాన్లకు ఈ గుణం విలువైనది. అయితే బీటీఆర్ఎఫ్ఎస్ సొంత రెయిడ్ 5, 6 పద్ధతుల్లో తెలిసిన లోపాలు ఉన్నాయి, వాటిని వాడవద్దు.

కరెంటు, వేడి, తేమ

రాస్తుండగా కరెంటు పోతే రెయిడ్ 5, 6లలో సమాచారం కొత్తది, ప్యారిటీ పాతది అయి లెక్క కుదరకుండా పోవచ్చు. ఇంట్లో ఇన్వర్టర్ ఉంది కదా అని చాలామంది ఊరుకుంటారు. బ్యాటరీ అయిపోతున్నదని ఇన్వర్టర్ నాస్ పెట్టెకు చెప్పదు. యూఎస్‌బీ తీగతో నాస్‌కు తగిలించే చిన్న యూపీఎస్ చెబుతుంది. అప్పుడు పెట్టె తనంతట తాను సక్రమంగా ఆగిపోతుంది. కొనేటప్పుడు ఆ తీగ ఉన్న మోడలే అడగండి.

భద్రంగా ఉంటుందని నాస్‌ను బీరువాలో పెట్టి తలుపు మూయవద్దు, గాలి ఆడక వేడెక్కుతుంది. డిస్కు వేడి 40 డిగ్రీల అటూ ఇటూ ఉంటే నిశ్చింత. 50 దాటితే ఫ్యాను, దుమ్ము చూడాలి. యానాం, చెన్నై, గంజాం తీరం వంటి చోట్ల ఉప్పుగాలికి అతుకులు తుప్పు పడతాయి. కిటికీ పక్కన కాకుండా లోపలి గదిలో, నేలకు ఎత్తుగా పెట్టండి.

నెలనెలా చేయాల్సినవి

రెయిడ్ పెట్టి మరిచిపోయేవారే ఎక్కువగా నష్టపోతారు. ఒక డిస్కు పోయినా ఫైళ్లు తెరుచుకుంటూనే ఉంటాయి కాబట్టి ఏమీ తెలియదు. రెండోది పోయిన రోజు తెలుస్తుంది. అందుకని హెచ్చరిక ఈమెయిల్ కనీసం ఇద్దరికి వెళ్లేలా పెట్టండి. ఆ ఈమెయిల్ నిజంగా వస్తోందో లేదో పరీక్ష సందేశం పంపి చూడండి.

నెలకోసారి స్క్రబ్ నడపాలి. అంటే డిస్కుల్లో ఉన్నదంతా మొదటి నుంచి చివరి వరకు చదివి సరిచూడటం. ఏడాదిగా ఎవరూ తెరవని దస్తావేజు ఉన్న చోటు పాడైందో లేదో ఇలాగే తెలుస్తుంది. దీన్ని తానే నెలనెలా నడిచేలా పెట్టవచ్చు.

స్మార్ట్ వివరాల్లో నాలుగు వరుసలు చూడండి. 5వది, పాడై మరోచోటికి మార్చిన భాగాలు. 197వది, చదవడం కష్టమై వేచి ఉన్న భాగాలు. 198వది, అసలు చదవలేనివి. ఈ మూడూ సున్నా ఉండాలి. సున్నా నుంచి పెరగడం మొదలైతే కొత్త డిస్కు తెచ్చుకోండి. 199వది పెరిగితే తప్పు సాధారణంగా డిస్కుది కాదు, కేబుల్‌ది. లక్షకు పైగా డిస్కులను పరిశీలించి గూగుల్ ఇంజినీర్లు 2007లో ప్రచురించిన పత్రం ప్రకారం, మొదటి స్కాన్ లోపం కనిపించిన డిస్కు ఆ తర్వాతి 60 రోజుల్లో పోయే అవకాశం, లోపం లేని డిస్కు కన్నా 39 రెట్లు ఎక్కువ. అదే పత్రం మరో మాట కూడా చెప్పింది. పోయిన డిస్కుల్లో సగానికి పైగా ముఖ్యమైన స్మార్ట్ హెచ్చరికలేవీ చూపకుండానే పోయాయి. కాబట్టి హెచ్చరిక వస్తే నమ్మండి, రాలేదు కదా అని ధీమా పడకండి.

డిస్కు పోయిన రోజు

కంగారు పడకుండా ఈ వరుసలో చేయండి.

1. ముందు బ్యాకప్ తాజాగా ఉందో లేదో చూడండి. లేకుంటే ముఖ్యమైన ఫైళ్లు మొదట బయటి డిస్కులోకి తీసుకోండి.

2. చెడిన డిస్కు సీరియల్ నంబరు తెరమీద చూసి రాసుకోండి. కొన్న రోజే ప్రతి అర ముందు ఆ నంబరు చీటీ అతికించి ఉంటే ఈ పని నిమిషంలో అవుతుంది. చెడినది ఉంచి మంచిది లాగేయడం తరచూ జరిగే ప్రమాదం.

3. కొత్త డిస్కు పాతదానంత గానీ, అంతకన్నా పెద్దది గానీ ఉండాలి. రవ్వంత చిన్నదైనా రెయిడ్ ఒప్పుకోదు.

4. తెరమీద రిపేర్ లేదా రీబిల్డ్ అన్నదే నొక్కండి. ఇనిషియలైజ్, ఫార్మాట్, క్రియేట్ న్యూ అన్న మాటలు కనిపిస్తే చెయ్యి వెనక్కి తీసుకోండి.

5. నింపడం పూర్తయ్యేదాకా పెట్టెను కదపవద్దు, ఆపవద్దు.

8 టీబీ డిస్కును సెకనుకు 150 ఎంబీ చొప్పున నింపినా సుమారు 15 గంటలు పడుతుంది. ఈలోగా పెట్టెను వాడుతుంటే ఇంకా ఎక్కువ. రెయిడ్ 5 మీద మా అభ్యంతరం ఇక్కడే. ఆ గంటలన్నీ మిగిలిన డిస్కులను మొదటి నుంచి చివరి వరకు చదవాలి, అప్పుడు అదనపు రక్షణ ఏదీ ఉండదు. నాలుగు 8 టీబీ డిస్కుల్లో ఒకటి పోతే మిగిలిన మూడింటి నుంచి 24 టీబీ చదవాలి. చాలా డిస్కుల వివరపత్రంలో 100 లక్షల కోట్ల బిట్లకు, అంటే 12.5 టీబీకి, ఒక చదవలేని తప్పు లోపు అని రాసి ఉంటుంది. అది గరిష్ఠ పరిమితి, వాస్తవంలో తప్పులు ఇంతకన్నా తక్కువే. అయినా రెయిడ్ 6 ఉంటే ఆ తప్పును రెండో ప్యారిటీ సరిచేస్తుంది.

పోయిన డిస్కును పాతసామాన్ల వాడికి వేయవద్దు. అందులో ఆధార్ నకళ్లు, బ్యాంకు కాగితాలు ఉంటాయి. పలకలకు డ్రిల్లుతో రంధ్రాలు వేసి, ఈ-వ్యర్థాలు తీసుకునేవారికి ఇవ్వండి.

రెయిడ్ బ్యాకప్ కాదు

ఈ వ్యాసంలో ఒక్క ముక్కే గుర్తుంచుకోగలిగితే ఇది గుర్తుంచుకోండి. రెయిడ్ కాచేది డిస్కు చావు నుంచి మాత్రమే. పొరపాటున ఒక ఫోల్డరు చెరిపేస్తే రెండు డిస్కుల్లోనూ ఒకే క్షణంలో చెరుగుతుంది. వైరస్ తాళం వేస్తే రెండింటికీ వేస్తుంది. 2022 జనవరిలో ఇంటర్నెట్‌కు తెరిచి ఉంచిన క్యూనాప్ నాస్ పెట్టెలపై డెడ్‌బోల్ట్ అనే రాన్సమ్‌వేర్ దాడి చేసి, ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగింది. ఆ పెట్టెల్లో రెయిడ్ ఉన్నా ఉపయోగం లేదు. పెట్టెను నేరుగా ఇంటర్నెట్‌కు తెరవవద్దు. స్నాప్‌షాట్ సౌకర్యం ఉంటే వాడండి.

ఇక నీళ్లు. 2013 అక్టోబరులో ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. 2015 డిసెంబరులో చెన్నైలో ఇళ్లు మునిగాయి. 2018 అక్టోబరులో తిత్లీ పర్లాకిమిడి ప్రాంతాన్ని కుదిపింది. ఒకే పెట్టెలో ఉన్న డిస్కులు రెండైనా ఆరైనా వరదలో కలిసే మునుగుతాయి.

దీనికి 3-2-1 అనే సూత్రం ఉంది. మూడు కాపీలు, రెండు రకాల సాధనాల మీద, ఒకటి వేరే ఊళ్లో. మన కుటుంబాలకు ఇందులో ఒక సౌలభ్యం ఉంది. చుట్టరికాలు ఒక ఊరికి పరిమితం కావు. మేనత్త భివండీలో, బావగారు బళ్లారిలో, కూతురు బెంగళూరులో ఉంటారు. రెండు బయటి డిస్కులు కొని, పాస్‌వర్డుతో తాళం వేసి, ఒకటి వాళ్లింట్లో ఉంచండి. పెళ్లికో పండగకో వెళ్లినప్పుడు కొత్తది ఇచ్చి పాతది తెచ్చుకోండి. ఏడాదికోసారి బ్యాకప్‌లోంచి పది ఫైళ్లు తెరిచి చూడండి. తెరిచి చూడని బ్యాకప్ ఉన్నా లేనట్టే.

తెలుగు ఫైళ్లకు ప్రత్యేకంగా

రెయిడ్ బిట్లను కాపాడుతుంది, అక్షరాలను కాదు. డీటీపీ సెంటర్లలో అను, శ్రీలిపి వంటి పాత ఫాంట్లతో టైపు చేసిన సంఘం సంచికలు, ఆహ్వానపత్రాలు డిస్కులో చెక్కుచెదరకుండా ఉన్నా, ఆ ఫాంటు లేని కంప్యూటర్లో అర్థంలేని గుర్తులుగా కనిపిస్తాయి. అలాంటి ప్రతి ఫైలుకూ పక్కనే ఒక పీడీఎఫ్ తీసి ఉంచండి. వీలైతే యూనికోడ్‌లోకి మార్చిన ప్రతి కూడా పెట్టండి.

ఫైలు పేర్లలో మరో చిక్కు ఉంది. నాస్ పెట్టెల్లో ఉండే లినక్స్ ఫైల్ వ్యవస్థల్లో పేరు 255 బైట్లు దాటకూడదు. ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు, తెలుగు గుర్తుకు మూడు. అంటే తెలుగులో 85 గుర్తులే. వత్తులు, గుణింతాలు విడివిడిగా లెక్కకు వస్తాయి. 'స్త్రీ' అన్న ఒక్క అక్షరంలో ఆరు గుర్తులు, 18 బైట్లు. విండోస్‌లో బాగానే ఉన్న పొడుగాటి పేరు నాస్‌లోకి ఎక్కించేటప్పుడు ఆగిపోవచ్చు. వందల ఫైళ్లు ఒకేసారి కాపీ చేసేటప్పుడు ఏది ఆగిందో తెలియక అది బ్యాకప్‌లో లేకుండా పోతుంది. పేరు చిన్నగా పెట్టండి: సంవత్సరం, ఊరు, విషయం చాలు. వివరమంతా ఫోల్డరులో ఒక పట్టికగా రాయండి. ఫొటోలో ఎవరున్నారో చెప్పగల పెద్దవారు ఉండగానే ఆ పట్టిక నింపండి.

తాళంచెవి ఎవరి దగ్గర

సంఘాల్లో కార్యవర్గాలు మారతాయి. పాత కార్యదర్శి దగ్గరే పాస్‌వర్డు ఉండిపోతే డిస్కులన్నీ బాగున్నా రికార్డులు పోయినట్టే. పాస్‌వర్డు, డిస్కుల సీరియల్ నంబర్లు, కొన్న తేదీలు, రెయిడ్ రకం, బ్యాకప్ ఉన్న ఊరు, ఇవన్నీ ఒక కాగితం మీద రాసి సీలు చేసి, బ్యాంకు పాస్‌బుక్కుతో పాటు కొత్తవారికి అప్పగించండి. అప్పగించినట్టు మినిట్స్ పుస్తకంలో రాయించండి. ఇళ్లలోనూ అంతే, కనీసం ఇద్దరికి తెలిసి ఉండాలి.

డిస్కులకు ఐదేళ్లు నిండేసరికి, చెడకపోయినా, ఒకటొకటిగా మార్చే ఖర్చును ముందే పద్దులో చేర్చుకోండి. పండగ చందాలో కొంత, ఇంటి ఖర్చులో కొంత దీనికి తీసి ఉంచితే భారమనిపించదు. ఈ నెల చేయదగినవి మూడు: హెచ్చరిక ఈమెయిల్ పరీక్షించండి, స్క్రబ్ నడిపించండి, ఒక కాపీ మరో ఊరికి పంపండి.